ఏడింటి బస్సు ఎక్కనివాళ్ళు

కొండ కాలనీ రూటులో తిరిగేవాళ్ళందరికీ ఆ బస్సు కండక్టరు రైటక్క. అసలు పేరు డిపోలో హాజరు వేసేటప్పుడు తప్ప ఎక్కడా వినపడదు. బస్సు కదలాల్సినప్పుడు ఆమె పెట్టే "రై...ట్, రైట్" అనే కేక ముందు అద్దం దాటి రోడ్డు మీది సైకిళ్ళను కూడా పక్కకు తప్పించేది. మనిషి పొట్టి, గొంతు పొడుగు అని ఆమె భర్తే నవ్వేవాడు. ఆయనకు మలుపు దగ్గర పంక్చర్ షాపు ఉంది. ఇంట్లో ఆ ఇద్దరూ కాక ఆయన తల్లి. ఆవిడకు మోకాళ్ళు అరిగిపోయాయి గాని నోటికి మాత్రం ఏ లోటూ రాలేదు.

బస్సు కొండ మీది కాలనీలో బయలుదేరి, మిల్లు, మార్కెట్, పెద్దాసుపత్రి మీదుగా విశ్వవిద్యాలయం గేటు దాకా వెళ్తుంది. ఆ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు లేదు, వైద్యం లేదు. జనం ఎలా బతుకుతున్నారు, పనులు ఎక్కడ దొరుకుతున్నాయి, చట్టాలు ఎవరిదాకా చేరుతున్నాయి, ఎవరి దగ్గర ఆగిపోతున్నాయి, ఇలాంటివి చదువుతారక్కడ. రైటక్కకు ఆ చదువు మీద అంత గురి ఉండేది కాదు.

"జనం ఎలా బతుకుతారో తెలుసుకోడానికి కాలేజీ ఎందుకన్నా? వారం రోజులు మన బస్సెక్కితే సరిపోదూ?" అనేది డ్రైవరుతో.

"అంతేగదమ్మా" అనేవాడాయన. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. ఎవరేమన్నా "అంతేగదమ్మా" అనేసి గేరు మార్చడం ఆయనకు అలవాటు.

ఒకసారి విద్యార్థులు కొందరు బస్సులో నడవకు అడ్డంగా నిలబడి, కూర్చున్నవాళ్ళను ఏవేవో అడుగుతున్నారు. రైటక్కకు ఒళ్ళు మండింది. "టికెట్లు కొట్టనిస్తారా లేదా? మీ ప్రశ్నలేవో కిందికి దిగాక అడుక్కోండి" అని కసిరింది. వెనక సీట్లో నుంచి ఒకావిడ లేచి వచ్చింది. తెల్లబడ్డ జుట్టు, భుజానికి గుడ్డ సంచి. ఆ విద్యార్థుల ప్రొఫెసరు.

"తప్పు మాదేనమ్మా. ఎక్కేముందు మిమ్మల్ని అడగాల్సింది" అందావిడ. అంత పెద్దావిడ అలా అనేసరికి రైటక్క గొంతు తగ్గింది. ఆనాటి నుంచి ఇద్దరికీ పలకరింపులు కలిశాయి.

ఆ చలికాలంలోనే డిపో మేనేజరు రైటక్కను తన గదిలోకి పిలిచాడు. ఏడింటి ట్రిప్పు ఎత్తేయబోతున్నామని చెప్పాడు. పొద్దున్నే కాలనీకి ఎక్కేటప్పుడు మిల్లు రాత్రి షిఫ్టువాళ్ళతో బస్సు నిండుతుంది గాని, ఏడింటికి కిందికి దిగేటప్పుడు సీట్లన్నీ ఖాళీ.

"ఖాళీ సీట్లకు డీజిలు పోయలేను కదమ్మా" అన్నాడు.

"కాలనీలో ఇళ్ళు తక్కువా సార్? అంతమంది ఆడవాళ్ళు పనులకు దిగుతారు. వాళ్ళకు బస్సు కావాలి."

"మరి ఎక్కరేం?"

రైటక్క మనసులో ఒక జవాబు ఉంది. కాలనీవాళ్ళకు బద్ధకం. బస్సు కదిలిన తర్వాత ఇద్దరో ముగ్గురో తడి చేతులతో పరిగెత్తుకొస్తారు, ఆమె చీవాట్లు పెట్టి ఎక్కించుకుంటుంది. కానీ ఆ మాట మేనేజరుతో అంటే ట్రిప్పు ఆ క్షణమే పోతుంది.

మేనేజరు చెడ్డవాడేమీ కాదు. "కారణం పట్టుకురండి. వచ్చే సమీక్షలో పెడతాను. మీరు అరిచి చెప్పినంత మాత్రాన పైవాళ్ళు వినరు" అన్నాడు.

మర్నాడు బస్సులో రైటక్క ప్రొఫెసరు పక్కన కూలబడింది. సంగతంతా చెప్పి, "మీ పిల్లల్ని పంపండి మేడమ్. కాలనీవాళ్ళు ఎందుకెక్కరో కనుక్కోమనండి" అని అడిగింది.

"పంపుతాను. వాళ్ళతో మీరూ వెళ్ళాలి. దానికి ముందు మా సాయంకాలం తరగతికి రావాలి. పనులు చేసుకునేవాళ్ళ కోసమే పెట్టాం."

"పదో తరగతితోనే చదువుకు దండం పెట్టేశాను మేడమ్."

"దండమే కదా పెట్టారు. విడాకులు ఇవ్వలేదుగా" అంది ప్రొఫెసరు.

ఇంట్లో ఈ సంగతి చెబితే భర్త సరేనన్నాడు. అత్తగారు కోడలిని ఎగాదిగా చూసింది. "వెళ్ళవే అమ్మా, వెళ్ళు. సాయంత్రం పూటన్నా ఈ ఇంట్లో నా మాట నాకు వినపడుతుంది" అంది. మరుసటి వారం నుంచి సాయంత్రం వంట ఆవిడే మొదలుపెట్టింది, స్టూలు మీద కూర్చుని, కొడుకు చేత కూరగాయలు తరిగిస్తూ.

తరగతిలో ఒక దర్జీ, ఒక నర్సు, ఒక వాచ్‌మన్, లాయరు దగ్గర పనిచేసే గుమాస్తా ఉన్నారు. మొదటి వారం ఒకరినొకరు ప్రశ్నలు అడిగే పని పెట్టింది ప్రొఫెసరు. రైటక్క దర్జీ ముందు నిలబడి, "మీకు బస్సు కావాలా, వద్దా? తొందరగా చెప్పండి" అంది. గది గదంతా నవ్వింది. దర్జీ బెదిరిపోయి "కావాలండీ" అన్నాడు. ఆయనకు సొంత స్కూటరుంది.

ప్రొఫెసరు నవ్వలేదు. "చూశారా? మీ ప్రశ్నలో జవాబు ముందే ఎక్కి కూర్చుంది. ముందు ఆ సీటు ఖాళీ చేయించండి" అంది.

ఆ మాట రైటక్కకు ఓ పట్టాన మింగుడుపడలేదు. ఇన్నేళ్ళుగా జనం మధ్యే తిరిగిన మనిషి ఆమె. ఒక్కొక్కరి మొహం చూసి ఎక్కడ దిగుతారో చెప్పగలదు. కానీ టికెట్టు ఎక్కడికి అని తప్ప వాళ్ళను ఇంకేమీ అడగలేదని అప్పుడు తట్టింది.

సెలవు రోజున ఇద్దరు విద్యార్థినులతో కాలనీ ఎక్కింది. తొలి రోజు పని ఉత్తదే అయింది. ఏ తలుపు తట్టినా "బస్సు కావాలక్కా, లేకపోతే ఎట్లా" అన్నారు. ఆమె అంటే భయం, పైగా మొహమాటం. ప్రొఫెసరు అంతా విని, "కావాలని అందరూ అంటున్నారు. ఎవరూ ఎక్కడం లేదు. రెండూ నిజమే అయితే మధ్యలో ఏదో అడ్డం ఉంది. బస్సు ఊసెత్తకండి. నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేశారో చెప్పమనండి చాలు" అని మళ్ళీ పంపింది.

రెండోసారి వెళ్ళినప్పుడు ఒక ఇంటి గడపలో కూర్చున్నారు. ఆ ఇంటావిడ హాస్టల్లో వంటమనిషి. గిన్నెలు తోముతూనే చెప్పుకొచ్చింది.

"చీకటితోనే లేచాను. పొయ్యి వెలిగించాను. పిల్లల్ని లేపాను. ఈలోగా కుళాయి వచ్చిందని అరిచారు. బిందెలు తీసుకుని లైన్లో నిలబడ్డాను. నా ముందు ఇంకా నలుగురైదుగురు ఉండగానే బస్సు హారన్ వినపడింది. హారన్ అయితే రోజూ వినపడుతుంది. ఏం చేస్తాం? బస్సెక్కితే ఆ రోజుకి నీళ్ళు లేవు. నీళ్ళు పట్టుకుంటే బస్సు లేదు."

"మగవాళ్ళు పట్టకూడదా అండీ?" అని ఒక విద్యార్థిని అడిగింది.

ఆవిడ నవ్వింది. "మా ఆయనది మిల్లులో రాత్రి షిఫ్టు. రాత్రంతా మిషను దగ్గర నిలబడి, ఈ అక్క బస్సులోనే వచ్చి పడతాడు. వచ్చేసరికి కళ్ళు మూతలు పడుతుంటాయి. లైన్లో పెడితే బిందె మీదే నిద్రపోతాడు."

జనం దిగి రావడంలేదని ఆ హారన్ గట్టిగా కొట్టించేది రైటక్కే. వాళ్ళు వింటూ, కదలలేక నిలబడి ఉన్నారని ఆమెకు ఏనాడూ తోచలేదు. కొండ దిగుతున్నప్పుడు విద్యార్థినులతో, "ఎక్కినవాళ్ళను లెక్కపెట్టే మిషను నా మెళ్ళో ఉంది. ఎక్కనివాళ్ళ వైపు నేనెప్పుడూ చూడలేదు" అంది.

ఆ తర్వాత ఇంటింటా అదే కథ, చిన్న చిన్న తేడాలతో. ఆసుపత్రిలో ఊడ్చే పని పోగొట్టుకున్న ఒకావిడ, రోజూ మొదటి పీరియడు పోగొట్టుకుంటున్న ఆడపిల్లలు. రైటక్క ఉత్సాహంగా తరగతికి వచ్చి, బస్సును ఒక గంట వెనక్కి జరిపితే చిక్కు తీరిపోతుందని ప్రకటించింది.

"అప్పుడు మిల్లు నుంచి ఎక్కేవాళ్ళు?" అంది ప్రొఫెసరు.

రైటక్క నాలుక కరుచుకుంది. వెంటనే మిల్లు గేటు దగ్గరికి వెళ్ళి షిఫ్టు దిగినవాళ్ళను అడిగింది. బస్సు గంట ఆలస్యమైతే ఆ గంటా గేటు బయట నిలబడాల్సిందేనని చెప్పారు. రాత్రంతా నిలబడ్డ కాళ్ళను చూశాక బస్సును జరపమనే మాట మళ్ళీ ఆమె నోటివెంట రాలేదు. ఇక మార్చాల్సింది నీళ్ళ వేళనే.

నీళ్ళ ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. ఇంజనీరు మర్యాదగానే మాట్లాడాడు గాని, "ఒక కాలనీ వేళ మారిస్తే ఇంకో కాలనీకి ఆగిపోతుంది. ట్యాంకు ఒక్కటే కదా" అని చేతులెత్తేశాడు. బస్సు సంగతితో తమకు సంబంధం లేదన్నాడు. డిపోకి వస్తే నీళ్ళ సంగతితో తమకు సంబంధం లేదన్నారు. ఆ రెండు ఆఫీసులూ ఒకే వీధిలో ఎదురెదురుగా ఉంటాయి.

ముడి విప్పింది విద్యార్థులే. ఊళ్ళో ఏ వీధికి ఎప్పుడు నీళ్ళు వదులుతారో వాళ్ళు పటం మీద రంగులు వేసి గోడకు తగిలించారు. చూస్తే, కొండ కింద మార్కెట్టుకు సాయంత్రం నీళ్ళు వస్తున్నాయి. దర్జీ దుకాణం అక్కడే. ఆయన అంగళ్ళవాళ్ళను అడిగి వచ్చాడు. వాళ్ళకు నీళ్ళు కావాల్సింది పొద్దున, సరుకు కడగడానికి, అరుగులు కడగడానికి. సాయంత్రం వచ్చిన నీళ్ళను డ్రమ్ముల్లో దాచుకుంటున్నారు. కాలనీ వేళ మార్కెట్టుకు, మార్కెట్టు వేళ కాలనీకి ఇస్తే ఇద్దరికీ మేలే.

విశ్వవిద్యాలయం పెద్ద హాల్లో సభ పెట్టారు. డిపో మేనేజరు, నీళ్ళ ఇంజనీరు మొట్టమొదటిసారి ఒక బల్ల దగ్గర కూర్చున్నారు. ఎదుట కాలనీ ఆడవాళ్ళు, మార్కెట్టువాళ్ళు, మిల్లువాళ్ళు. రైటక్కను మాట్లాడమన్నారు. మైకు ఇవ్వబోతే ముందు వరసలోంచి ఎవరో "ఆమెకు మైకెందుకండీ, హాలు కూలుతుంది" అన్నారు. నవ్వులు సద్దుమణిగాక ఆమె నెమ్మదిగా, తను విన్నదంతా వరసగా చెప్పింది. తర్వాత వంటమనిషి లేచి తన పొద్దుటిపూట ఎలా గడుస్తుందో చెప్పింది.

ఇంజనీరు లేచి, విద్యార్థులు తెచ్చిన పటం మీద కాలనీని, మార్కెట్టును వేలితో చూపించాడు. "వాల్వులు రెండే కదా. ఒక నెల మార్చి చూద్దాం" అన్నాడు. మేనేజరు గొంతు సవరించుకుని, "అయితే ఆ నెల ట్రిప్పు ఉంటుంది" అన్నాడు.

వేళ మార్చిన తొలి ఉదయం బస్సు మునుపటిలాగే ఖాళీగా దిగింది. సాయంత్రం నీళ్ళు నిజంగా వస్తాయని ఎవరికీ నమ్మకం కుదరలేదు. పాత వేళకే వస్తాయేమోనని పొద్దున కుళాయి దగ్గరే కాచుకున్నారు. రైటక్క మొహం చిన్నబోయింది. డ్రైవరు అద్దంలోంచి ఆమెను చూసి, అలవాటు తప్పి, పూర్తి వాక్యం మాట్లాడాడు. "అలవాటు మారడానికి కాస్త వ్యవధి కావాలమ్మా. నాకు పవర్ స్టీరింగ్ అలవాటు కావడానికే ఎన్నాళ్ళు పట్టిందనుకున్నావు?"

వారం తిరిగేసరికి హాస్టల్ వంటమనిషి ఎక్కింది. ఆమె వెంట పక్కింటివాళ్ళు. ఆపైన బడి సంచులతో ఆడపిల్లలు. నెలాఖరుకు రైటక్క టికెట్లు కొట్టడానికి పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని నడవాల్సి వచ్చింది. ట్రిప్పు ఎత్తేసే మాట మళ్ళీ రాలేదు. వేసవిలో మేనేజరే ఇంకో ట్రిప్పు వేశాడు. ఆసుపత్రిలో పని పోయినావిడకు ఆ పని తిరిగి దొరకలేదు గాని, హాస్టల్లో వంటకు సాయంగా కుదిరింది.

రైటక్క కోర్సు పూర్తిచేసింది. ఉద్యోగం మానలేదు, మానమని ఎవరూ అనలేదు. ఈ సంగతి తర్వాత విశ్వవిద్యాలయం వాళ్ళు గేటు పక్కన ఒక గది తెరిచారు. ఊళ్ళో ఎవరైనా అక్కడికి వచ్చి తమ చిక్కు చెప్పుకోవచ్చు. ఏటా అందులోంచి కొన్నిటిని ఎంచుకుని విద్యార్థులు, అధ్యాపకులు కలిసి పట్టుకుంటారు. సెలవు రోజుల్లో ఆ గదిలో కూర్చునేవాళ్ళలో రైటక్క ఒకతె. అక్కడ ఆమె మెల్లగా మాట్లాడుతుందంటే అత్తగారు నమ్మలేదు. ఒకరోజు కొడుకు స్కూటరు మీద స్వయంగా వచ్చి, కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని చూసి వెళ్ళింది. "పరాయివాళ్ళ మాటైతే బాగానే వింటున్నావే" అని మాత్రం అంది.

మొన్న ఒక హమాలీ వచ్చాడు, మార్కెట్టులో మూటలు మోసేవాడు. తమలో నడుము పట్టేసి పని మానేసేవాళ్ళు ఈమధ్య బాగా ఎక్కువయ్యారని, కారణం తెలియడంలేదని చెప్పాడు. "మూటల బరువు పెరిగిందా, మేమే మెత్తబడ్డామా? మీ దగ్గర ఏమన్నా జవాబుందా అక్కా?" అని అడిగాడు.

"లేదన్నా. వెతకాల్సిందే" అంది రైటక్క. "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేశారో చెప్పండి. నెమ్మదిగానే చెప్పండి, నాకు తొందరేం లేదు."

హమాలీ తలగుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకుని, కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.