ఆయన చూపించిన రాళ్ల దగ్గరికి

మా ఆయనకు పక్షవాతం వచ్చి మాట పోయాక, నేను ఆయన్ని మళ్లీ ఆ పాత రాళ్ల దగ్గరికే తిప్పాను. అవన్నీ ఒకప్పుడు ఆయన నాకు చూపించినవే.

ఆయనది సూర్యాపేట పక్క పల్లె. నాది హద్దుకి అవతల జగ్గయ్యపేట. ఆయన కోదాడలో జూనియర్ కాలేజీ పిల్లలకు చరిత్ర చెప్పేవారు కాబట్టి అక్కడే కాపురం. పెళ్లైన కొత్తలో సినిమా అని చెప్పి బస్సెక్కించి పిల్లలమర్రి గుళ్లకు తీసుకుపోయిన మనిషి ఆయన. నల్లరాతి స్తంభాన్ని వేలి కణుపుతో తట్టి నన్ను చెవి ఆనించమన్నారు.

"ఇను. గంట లెక్క మోగుతది."

నిజంగానే మోగింది. నాకు మాత్రం ఆ "లెక్క"కు నవ్వొచ్చింది. మా వైపు లెక్కంటే కూడికలూ తీసివేతలే. ఆయన నా "అండీ"లకు నవ్వేవారు. రాష్ట్రం విడిపోయిన రోజుల్లో ఆయనకీ మా అన్నయ్యకీ భోజనాల దగ్గర మాటామాటా పెరిగి, చాలాకాలం రాకపోకలు ఆగిపోయాయి. నేను ఇద్దరి మధ్యా నలిగాను. ఆ బాధలో ఉండగానే నన్ను సాగర్ తీసుకెళ్లి, లాంచీలో నాగార్జునకొండకి దాటించి, మ్యూజియమంతా తిప్పారు. "గీ రాళ్లు చెక్కినోళ్లకు మీదేదో మాదేదో ఎర్కనా?" అన్నారు. మాకు పిల్లలు కలగలేదు. సెలవు దొరికితే ఏ గుట్టకో, ఏ గుడికో పోవడం, ఆయన చెబుతుంటే నేను వినడం, అదే మా సంసారం.

ఒక ఉదయం గడ్డం గీసుకుంటూ అద్దం ముందే కూలబడ్డారు. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. కాలు కొంత తిరిగొచ్చింది, పట్టుకుంటే నాలుగడుగులు వేస్తారు. మాట మాత్రం రాలేదు. విజయవాడలో మాటలు నేర్పించే అమ్మాయి బొమ్మలు చూపించి, "ఇదేమిటండి?" అని ఓపిగ్గా అడిగేది, ఆయన ఊరికే చూసేవారు. ఆ తీరు ఆయన చెవికి పరాయిగా ఉందేమోనన్న ఆశతో, ఒకసారి నేనే "గిదేంది?" అని అడిగాను. దానికీ అలాగే చూశారు. సూర్యాపేట డాక్టరు మాత్రం, ఇష్టమైన చోట్లకి తిప్పి చూడండి, ఒక్కోసారి ఏదో ఒకటి మనసుకి తగులుతుంది అన్నాడు. మునిగిపోయేవాళ్లు దొరికింది పట్టుకుంటారు కదా. నేను ఆ మాట పట్టుకున్నాను.

మా మరిది మిర్యాలగూడలో రైసుమిల్లులో పనిచేస్తాడు. అతనికి ఒక పాత కారుంది. అన్న కోసం సెలవు పెట్టుకుని వచ్చేవాడు.

ముందు పిల్లలమర్రి వెళ్లాం. ఇద్దరం చెరో పక్కా పట్టుకుని మెట్లెక్కించి, ఆ స్తంభం పక్కన కూర్చోబెట్టాం. ఆయన తల దానికి ఆనించి నేను వేలితో తట్టాను. కళ్లు మూసుకున్నారు. వింటున్నారనుకున్నాను. ఇంకోచోట తట్టాను, మరోచోట తట్టాను. మా మరిది వంగి ముఖంలోకి చూసి, "వదినా, అన్న నిద్రపోయిండు" అన్నాడు.

తర్వాత తిరుమలగిరి రోడ్డు మీద ఫణిగిరికి వెళ్లాం. ఆ గుట్ట ఆయన ఎక్కలేరని నాకు తెలుసు. కింద నుంచి చూసినా చాలనుకున్నాను. కారు ఆగగానే ఆయన ఎడమ చెయ్యెత్తి పైకి చూపించారు. జబ్బు చేశాక ఆయన తనంతట తాను దేన్నైనా చూపించడం అదే మొదలు. నన్ను ఎక్కి రమ్మంటున్నారనుకున్నాను. ఆయన్ని మరిదికి అప్పగించి ఎండలో ఒక్కదాన్నే ఎక్కాను.

పైన స్తూపం ఇటుకలున్నాయి, విరిగిన స్తంభాలున్నాయి. ఇంతకుముందు వచ్చినప్పుడు అదంతా ఒక ఊరిలా ఉండేది. భిక్షువులు ఇక్కడ పడుకునేటోళ్లు, గీడ కూసుని సదువుకునేటోళ్లు అని ఆయన చెబుతుంటే మనుషులు తిరుగుతున్నట్టే అనిపించేది. ఇప్పుడు ఎటు చూడాలో కూడా తెలియలేదు. రాళ్లు రాళ్లలాగే ఉన్నాయి. కాసేపు నిలబడి దిగొచ్చేశాను. కిందికి వచ్చేసరికి కూడా ఆయన చెయ్యి అలాగే పైకి ఉంది. అద్దంలోంచి ఎండ ముఖాన కొడుతోంది. దాన్ని అడ్డుకుంటున్నారు, అంతే. మా మరిది ఫోన్లో ఉండి గమనించలేదు. నా కొంగు ఆ అద్దానికి అడ్డం పెట్టి, ఆ పక్కనే కూర్చుని ఇంటికొచ్చాను.

అప్పుడైనా మానుకోవాల్సింది. నాగార్జునకొండ ఒక్కటీ మిగిలిందని నేనే పట్టుబట్టాను. హాలియా మీదుగా సాగర్ చేరి, అవతలి ఒడ్డున లాంచీ ఎక్కాం. లాంచీవాళ్లు మంచివాళ్లు, చక్రాల కుర్చీతో సహా ఎత్తి లోపల పెట్టారు. నీళ్ల మీద గాలికి ఆయన ముఖం తేటపడినట్టనిపించింది.

మ్యూజియంలో ఆయనకు ఇష్టమైన పలక ఒకటుంది. సిద్ధార్థుడు ఇల్లు విడిచిపోతున్నాడు. గుర్రం డెక్కల కింద మరుగుజ్జులు అరచేతులు పట్టి మోస్తున్నారు. వచ్చిన ప్రతిసారీ దాని ముందు ఆగి చెప్పేవారు. "సప్పుడైతే పెండ్లాం లేస్తదని, గందుకే గట్ల మోస్తున్నరు." కుర్చీని దాని ముందు ఆపి, నేను మోకాళ్ల మీద కూర్చుని, ఆ మాటలే ఆయనకు చెప్పాను. ఆయన యాసలోనే చెప్పాను. ఇన్నేళ్లూ నవ్వుతూ విన్న కథ అది. నిద్రపోతున్న ఆ ఇల్లాలి గురించి ఎన్నడూ ఆలోచించలేదు. ఈసారి చెబుతుంటే ఆమే గుర్తొచ్చింది.

ఆయన పలక వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు. పెదాలు కదిలాయి. ఇన్ని నెలల తర్వాత, స్పష్టంగా, ఒక మాట వచ్చింది.

"వద్దు."

అని ఏడ్చారు. ఏం వద్దంటున్నారు, కథా, రాయా, నేనా అని అడిగాను. "వద్దు, వద్దు" అని ఏడుస్తూనే ఉన్నారు. కూర్చున్న చోటే తడిసిపోయారు. సందర్శకులు మర్యాదగా పక్కకు తప్పుకున్నారు. తిరుగు లాంచీకి ఇంకా టైముంది. రేవు దగ్గర నా శాలువా ఆయన ఒళ్లో కప్పి, ముగ్గురం నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాం. మా మరిది నెమ్మదిగా అన్నాడు:

"వదినా, అన్నకు అంతా తెలుస్తనే ఉన్నట్టుంది. తెల్వకుంటెనే మంచిగుండేమో."

మతి పోయిందని చెప్పుకుని ఇన్నాళ్లూ బతికాను. అన్నీ తెలుస్తూ చెప్పలేకపోతున్నారేమోనన్న ఆలోచన ఆ రేవులోనే మొదటిసారి వచ్చింది, మళ్లీ పోలేదు.

ఆ తర్వాత ఆయన్ని ఎక్కడికీ తీసుకెళ్లలేదు. ఆ ఒక్క మాటే ఆయనకు మిగిలింది. ఎండకీ అదే, స్నానానికీ అదే, చూడ్డానికొచ్చిన మా అన్నయ్యకీ అదే. అన్నయ్య వరండాలోకి వెళ్లి చాలాసేపు నిలబడ్డాడు. వచ్చే మాటేదైనా ఉంటే ఈపాటికి వచ్చి ఉండేదని డాక్టరే అన్నాడు. ఆయన పుస్తకాల అరకి ఎదురుగా ఉన్న మంచాన్ని రెండో గోడ వైపు జరిపాను, అటు చూసినప్పుడల్లా ముఖం తిప్పుకుంటున్నారని.

ఇప్పుడు నేను ఇంట్లో ఆయనలాగే మాట్లాడుతున్నాను. "అన్నం తింటవా? జర లేస్తవా?" అంటాను. ముద్ద కలిపి నోటికి అందిస్తే కాసేపు వద్దని, తర్వాత నోరు తెరుస్తారు. నేను పెడుతూ ఉంటాను.