బంతిని చేత్తో ముట్టని గోలీ గురువు

ఆ రోజుల్లో మా తిరుపతిలో బంతి అంటే క్రికెట్ బంతే. ఫుట్‌బాల్ ఆడేవాళ్ళం కూడా ఊళ్ళో ఉన్నామని మా ఇళ్ళల్లో వాళ్ళకే తెలిసేది కాదు. మోకాళ్ళ మీద మట్టి చూసి "యాడ దొర్లినావురా" అని అమ్మ అడిగితేనే బయటపడేది. అలాంటి ఆటలో మరీ ఎవరికీ పట్టని మనిషి గోల్‌కీపర్. మేం గోలీ అనేవాళ్ళం. ఆ గోలీని నేను. (నన్ను అక్కడ నిలబెట్టింది నా ప్రతిభ చూసేనని చాలాకాలం నమ్మాను. రెండు కర్రల మధ్య ఖాళీని ఎక్కువగా పూడ్చే శరీరం జట్టులో నా ఒక్కడిదేనని తర్వాత తెలిసింది.) ఈమధ్య మా అపార్ట్‌మెంటు పెద్దమనుషులు, ఆట మానేసిన ఫుట్‌బాల్ వీరులు కోచ్‌లుగా పనికొస్తారా, ఏ స్థానంలో ఆడినవాడు ఆ స్థానానికే నేర్పాలా అని లిఫ్టు దగ్గర గంటసేపు వాదించుకున్నారు. నేను మీసాల్లో నవ్వుకుని లిఫ్టెక్కి వచ్చేశాను. ఆ సంగతి మా పాకాల మామను చూసినవాణ్ణి నన్నడగాలి.

పాకాల మామ మా అమ్మకు తమ్ముడు. రైల్వే జట్టులో ముందువరసలో ఆడి ఆడి, మోకాలు అరిగి, ఆట మానేశాడు. ఆయన పాకాల జంక్షన్లో తన్నిన బంతి కాట్పాడి ప్యాసింజరును దాటుకుని, ముందు స్టేషన్లో దాని కోసం ఎదురుచూసేదని జనం చెప్పుకునేవాళ్ళు. (జనం అంటే నేనే.) మా జట్టును నడిపే సోడా అన్న ఆయన్ను పట్టుబట్టి పిలిపించాడు. సోడా అంగడి ఆయనది, జెర్సీలు ఆయనవి, బంతిలో గాలి కూడా ఆయనదే. మా ఫార్వర్డ్‌లకు గోల్ కొట్టడం నేర్పమని మామకు అప్పగించాడు.

మామ పాఠమంతా ఒకటే మాట: "ఇట్లా." ఇట్లా తీసుకో, ఇట్లా తిరుగు, ఇట్లా కొట్టు. మూడో 'ఇట్లా' అనేసరికి బంతి నా చెవి పక్కనుంచి వెళ్ళి వలలో పడుకునేది. "మళ్ళా సూపించు మామా" అనేవాళ్ళు ఫార్వర్డ్‌లు. మామ మళ్ళీ చూపించేవాడు. రానురాను వాళ్ళు గోడ నీడన కూర్చుని బొరుగులు తింటూ ఈలలు వేయడం మొదలుపెట్టారు. టోర్నమెంటులో మా జట్టు ఎలాగో ఫైనల్ దాకా పాకింది గానీ, అందులో ఫార్వర్డ్‌ల పాపం ఏమీ లేదు. చివరికి సోడా అన్నే కదిలాడు.

"అన్నా, నువ్వు కొడతా ఉంటే మావోళ్ళు సినిమా సూసినట్టు సూస్తా ఉండారు. ఒక్కడికీ కాలు లేస్తా లేదు. నీకెట్లా వచ్చిందో అది సెప్పన్నా."

"నాకెట్లా వచ్చిందో నాకే తెల్దప్పా" అన్నాడు మామ.

సోడా అన్న తల గోక్కున్నాడు. "సరే. ఆదివారం చిత్తూరోళ్ళతో ఫైనల్ ఉండాది. అందాక మీ అల్లుడికి నేర్పు. ఓడినామంటే మాత్రం ఏమనుకోబాక, వేరే మనిషిని సూసుకుంటాం."

ఆ రాత్రి మామ రెండో ముద్ద సంగటి వద్దన్నాడు. మామ సంగటి వద్దనడమంటే ఏడుకొండల్లో ఒకటి సెలవు పెట్టడమే. అమ్మ భయపడి ఏమైందని అడిగింది.

"ఏం లేదక్కా. మోకాలు పోయిన పొద్దు, కాలే గదా పోయింది, పిలకాయలకు నేర్పుకుంటా బతికేస్తాం అనుకుంటి. అదీ పోయేట్టుండాది."

తెల్లారి నన్ను మైదానానికి లాక్కుపోయాడు. "రేయ్ అల్లుడా, చేత్తో బంతి పట్టేది నాకు రాదు. చేతికి తగిలితే తప్పనుకోని బతుకంతా ఆడినోణ్ణి. ఆ పాట్లు నువ్వు పడు. గోలీలను నేనెట్లా ఏడిపించినానో అది సెప్తా, ఇను."

బంతి పెట్టి, తన్నబోయే ముందే "ఎడమకు దూకుతావు సూడు" అన్నాడు. దూకాను. బంతి కుడివైపు పోయింది. "ఇప్పుడు కుడికి" అన్నాడు. ఆయన్ను అబద్ధాలకోరును చేద్దామని ఎంత పట్టుపట్టినా, నా శరీరం కుడికే పోయింది.

"ఎట్లా కనుక్కుంటావు మామా?"

"నీ మడమ సెప్పేస్తా ఉండాది గదరా! పెనాల్టీ కొట్టేవాడు గోల్ సూడడు, గోలీ మడమ సూస్తాడు. అది లేసిన పక్కకు నువ్వు పోతావు, రెండో పక్కకు మేం కొడతాం. మడమ లేయలేదనుకో, మాకు దిక్కు తోచదు. నువ్వు కదలబాక. వాడే కంగారు పడతాడు."

తన విద్య గురించి 'ఇట్లా' దాటి ఒక్క మాట పలకలేని మనిషి, తన చేతిలో ఓడిన గోలీల గురించి పురాణం చెప్పినట్టు చెప్పుకుపోయాడు. తంటా అంతా నాతోనే. కదలకూడదని తెలిసినా, బంతి కనబడగానే మడమ లేచేది.

అది గంగజాతర వారం. (తెలియనివాళ్ళకు చెబుతున్నాను: జాతరలో మొక్కున్నవాళ్ళు ఒళ్ళంతా రంగులు పూసుకుని వేషాలు కడతారు, మగవాళ్ళు చీరలు కూడా కట్టుకుంటారు. వేషంలో ఉన్నవాళ్ళు ఎవరినైనా తిట్టొచ్చు. తిట్లు తిన్నవాడు కోపగించుకోకూడదు.) మామ నన్ను తీసుకుపోయి వేషాలు వచ్చే వీధి మూలమీద నిలబెట్టాడు. "కండ్లు మూయబాక. మడమ లేపబాక."

మొదటి వేషగాడు వేపమండ నా ముక్కు దాకా ఝాడించి, "ఎవురబ్బా ఈడు, పొంగలి గుండిగకు కాళ్ళు మొలిసినట్టుండాడు!" అన్నాడు. రెండోవాడు మా ఇంటి అన్నం తపేలాల మీద జాలిపడ్డాడు. రాయడానికి వీల్లేనివి కొన్ని దాటాక, ఎర్రచీర కట్టుకుని, జడగంటలు వేసుకుని మా లెక్కల సారు వచ్చాడు. నా మార్కులన్నీ వీధి వినేలా ఏకరువు పెట్టాడు. అందరి తిట్లూ ఆచారం కొద్దీ తిట్టినవి. సారువి మాత్రం అక్షరాలా నిజం. చెమటలు కారాయి గానీ, పాదం నేలను వదల్లేదు. మామ ఊరేగింపును వదిలేసి నా మడమలనే చూస్తూ నిలబడ్డాడు.

ఆదివారం మేం ఒక గోల్ ఆధిక్యంలో ఉన్నాం. ఆట ముగియబోతుండగా చిత్తూరు వాళ్ళకు పెనాల్టీ దొరికింది. కొట్టడానికి వాళ్ళ జులపాల ఫార్వర్డ్ వచ్చాడు. జుట్టు ఎగరేస్తే గాలి దిక్కు మారేంత మొనగాడు. నేను మైదానం అంచు గీత దగ్గరున్న మామ వైపు చూశాను. తిరుపతి మొత్తం అరుస్తుంటే, ఆయన మాత్రం రెండు చేతులూ కట్టుకుని నా మడమల కింది నేలనే చూస్తున్నాడు.

జులపాలు పరిగెత్తి వచ్చాడు. నా కాళ్ళు చూశాడు. నేను కదల్లేదు. అడుగు తడబడి, చిన్న గంతు వేసి మళ్ళీ చూశాడు. నేను కదల్లేదు. ఇక ఆగడానికి దారిలేక, ఎటు కొట్టాలో తేలక, తిన్నగా నా పొట్టకేసి కొట్టాడు. బంతి ఆ మెత్తదనంలోకి దిగబడి, నేను రెండు చేతులా పొదువుకునేదాకా అక్కడే విశ్రాంతి తీసుకుంది. కాసేపటికి ఆట ముగిసిన ఈల మోగింది.

"బయంతో బిగుసుకు పోయినాడబ్బా, అంతే!" అన్నాడు జులపాలు, అందరికీ వినబడేలా.

"బయపడినోడు పారిపోతాడప్పా, నిలబడడు" అన్నాడు మామ. తర్వాత నా చెవి దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు. "నిజం సెప్పరా, బయమేసిందా?"

"గుండె నోట్లోకొచ్చింది మామా."

"మడమ?"

"లేయలేదు."

"అది సాలు" అన్నాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఆ ఎండకు అంతసేపు తుడుచుకునేంత చెమట ఎవరికీ పట్టలేదు.

సోడా అన్న సోడాలు మోసుకొచ్చాడు. "అన్నా, తప్పయిపోయింది. నువ్వు యాడికీ పోబాక. రేపట్నుంచి ముందరోళ్ళను గూడా నువ్వే సూసుకో."

"నేను గోలీలకేనప్పా" అన్నాడు మామ, సోడా బుస్సుమనిపిస్తూ. "ముందరోళ్ళకు ఎవురన్నా మంచి గోలీని తెచ్చుకో."

ఆ తర్వాత చాలా ఏళ్ళు, బంతిని ఎన్నడూ చేత్తో ముట్టని ఆ మనిషి దగ్గరికి గోలీలు పలమనేరు నుంచి కూడా బస్సెక్కి వచ్చేవాళ్ళు. ఆయన మొదటి శిష్యుణ్ణి నేనేనని ఇప్పటికీ, అడగకపోయినా అందరికీ చెబుతుంటాను. ఇప్పుడు ఆదివారాల్లో మా కాలనీ పిల్లలకు గోల్ కొట్టడం నేర్పుతున్నాను. జీవితంలో ఒక్క గోల్ కొట్టినవాణ్ణి కాదు గనక ఆ అర్హత నాకు పూర్తిగా ఉంది. వాళ్ళ కోసం నేనే కర్రల మధ్య నిలబడతాను. బంతి పక్కనుంచి దూసుకుపోయినా ఇంచు కదలను. "సారుకు ఎంత నిబ్బరం!" అని వాళ్ళు గుసగుసలాడుకుంటారు. నా మోకాళ్ళ సంగతి డాక్టరుకు తెలుసు, నాకు తెలుసు. పిల్లలకెందుకు?