ఊరికే వచ్చిన సీడీ

పుంగనూరులో గడియారాలు బాగుచేసే రఫీక్ నోటికాడి కూడు సెల్‌ఫోను లాక్కుంది. జేబులో టైము కనబడుతుంటే మణికట్టుకు గడియారం ఎవరిక్కావాలి? నలభై ఏళ్లు నిండాక, రెండువేల మూడులో, ఆ మనిషి కంప్యూటరు పని నేర్చుకున్నాడు. మూడేళ్లలో పుంగనూరు, మదనపల్లె, కుప్పంలో ఇళ్లకు పోయి కంప్యూటర్లు చూసేంతవాడయ్యాడు.

నెలకోసారి కుప్పంలో రెండిళ్లు చూసుకుని, అక్కడే రైలెక్కి బెంగళూరు పోయేవాడు. పుంగనూరు నెట్టులో ఒక పాట దిగాలంటే ఒక పూట పట్టేది. బెంగళూరులో ఒక నెట్ సెంటరులో కూర్చుని, ఎక్కడెక్కడి పుణ్యాత్ములో ఊరికే పంచిపెడుతున్న సాఫ్ట్‌వేర్లు దించుకునేవాడు. వైరస్‌ను పట్టేది ఒకటి, చెత్త ఊడ్చేది ఒకటి, చెరిగిపోయిన ఫైళ్లను వెనక్కి తెచ్చేది ఒకటి. అన్నీ ఒక సీడీలోకి ఎక్కించి, దాని మీద మార్కరుతో రాసేవాడు: ‘ఇది ఊరికే. ఇంకొకరికి ఇవ్వండి.’ ఇంటికొచ్చి పని చేసినందుకు చార్జీలకు సరిపడా పుచ్చుకునేవాడు గానీ సీడీకి పైసా ముట్టేవాడు కాదు.

అక్కడే చెడింది. ఊరికే వస్తే నాకొకటి, మా తాతకొకటి అనే జనమే, ఇంటికి తీసుకుపోయాక ‘ఊరికే ఇచ్చినాడంటే దీంట్లో ఏం కిటుకుండాదో’ అని గొణుక్కుంటారు. ధర్మాసుపత్రి మాత్ర మింగి, ఎందుకైనా మంచిదని ప్రైవేటు డాక్టరు మాత్ర కూడా దాని మీద మింగే అలవాటు ఈ మూడూళ్లలోనూ ఉంది. ఆ అలవాటే రఫీక్ కొంప ముంచింది.

మదనపల్లెలో అతణ్ణి మొదట ఇంట్లోకి రానిచ్చింది అమరావతమ్మ. ప్రైవేటు స్కూళ్లకు తెలుగులో ప్రశ్నపత్రాలు టైపుచేసి ఇల్లు గడుపుకునే ఆడమనిషి. ఆమె మంచివాడని చెప్పబట్టే ఆ వీధిలో పదిహేనిళ్లు రఫీక్‌కు తలుపు తీశాయి. పరాయి మగవాడు పడకగదిలో ఉన్న కంప్యూటరు దాకా పోవాలంటే మంచిపేరు తప్ప ఇంకేం ఆధారం?

అదే ఊళ్లో జయచంద్ర అని ఒకడు కంప్యూటర్ల అంగడి పెట్టాడు. రఫీక్ దగ్గరే ఒక సీడీ అడిగి తీసుకున్నాడు. దానికి ఇంకో వైరస్ మందు కలిపి, రంగుల అట్ట వేసి, ‘కంప్యూటర్ డాక్టర్’ అని పేరు పెట్టి అమ్మాడు. రఫీక్‌కు కోపం రాలేదు. ఇంకొకరికి ఇవ్వమని రాసింది తనే కదా.

అమరావతమ్మ కూడా ఒకటి కొనింది. రఫీక్ పెట్టిన మందు లోపల ఉండగానే దాని మీద రెండోది ఎక్కించింది. ఒకే వాకిట్లో కట్టేసిన రెండు కుక్కల్లాగా అవి రెండూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. కంప్యూటరు కొయ్యబారిపోయింది. జయచంద్ర తన మనిషిని పంపించాడు. వాడు వచ్చీ రావడంతోనే ఫార్మాట్ కొట్టాడు. రెండేళ్ల ప్రశ్నపత్రాలు, పది రోజుల్లో ఇవ్వాల్సిన పదో తరగతి పేపర్లతో సహా, పోయాయి.

విషయం తెలిసి రఫీక్ పరుగున వచ్చాడు. అమరావతమ్మ గేటు దగ్గరే ఆపింది.

“ఊరికే ఎవురైనా చేస్తారాప్పా? నువ్వే వైరస్ పెట్టి, నువ్వే తీసేదానికి వస్తాండావంట. జయచంద్ర చెప్పినాడు.”

“నన్ను ఎట్లన్నా అనుకోమ్మా. ముందు ఆ కంప్యూటరు ఆపించు. ఫార్మాట్ కొట్టినా ఫైళ్లు యాడికీ పోవు. వాటి మీద కొత్తవి ఎక్కిస్తేనే పోతాయి. ఒక గంట టైమియ్యి, తీసిస్తాను.”

“నువ్వు దాన్ని ముట్టుకోవద్దు.”

లోపల పాట మోగింది. జయచంద్ర మనిషి ఆమెను సంతోషపెట్టడానికి కొత్త పాటలు ఎక్కిస్తున్నాడు. ఒక్కో పాట ఎక్కేకొద్దీ ఆమె పేపర్లు కొన్ని శాశ్వతంగా పోతున్నాయని ఆ వీధిలో తెలిసినవాడు రఫీక్ ఒక్కడే. గేటు పట్టుకుని మూడు పాటలు విని, బస్టాండుకు నడిచాడు.

వారంలో పదిహేనిళ్లూ తలుపులు మూశాయి. ఆ మాట పుంగనూరు దాకా వచ్చింది. సొంత బావమరిది కూడా, “కొన్నాళ్లు మా ఇంట్లో కంప్యూటరు జోలికి రావద్దు బావా” అన్నాడు. ఆ రాత్రి రఫీక్ అన్నం ముందు కూర్చుని ఏడ్చాడు. 

ఎనిమిదో రోజు అమరావతమ్మ ఫోను చేసింది. జయచంద్ర చేతులెత్తేశాడు. ఇంకో రెండు రోజుల్లో పేపర్లు ఇవ్వకపోతే స్కూలువాళ్లు పని వేరే వాళ్లకు ఇచ్చేస్తారు. రఫీక్ పోయాడు. ఆమె తప్పయిందనలేదు. పక్కింటి పూలమ్మను పిలిచి కుర్చీ వేసి, అతనికి వినబడేలాగానే చెప్పింది: “ఆయప్ప చేతుల్నే సూస్తా ఉండు.”

రఫీక్ సీడీ పెట్టి, పోయిన ఫైళ్లను వెతికే సాఫ్ట్‌వేరు నడిపించాడు. గంటకు జాబితా వచ్చింది. సగానికి ఎర్రచుక్కలు. అవి పాటల కింద పడి నలిగినవి. కిందికి జరిపాడు. పదో తరగతి, ముప్పై ఎనిమిది ఫైళ్లు, అన్నిటికీ పచ్చచుక్కలే. ఒక్క అక్షరం చెడలేదు. ఒక్క మీట నొక్కితే చాలు.

పూలమ్మ అతని చేతుల్నే చూస్తోంది. తెర మీద ఏముందో ఎవరూ చూడలేదు.

రఫీక్ జాబితా మూసేశాడు. “ఏమీ మిగల్లేదమ్మా. పాటలు తినేసినాయి.”

ఆమె గోడకానుకుంది. “ఎంతియ్యాలప్పా?” అంది.

“ఊరికేనమ్మా.”

అప్పుడు ఏడ్చింది అమరావతమ్మ. ఆ సాయంత్రమే వీధంతా తిరిగి చెప్పింది. “జయచంద్ర దుడ్లు దొబ్బి అబద్దాలు చెప్పినాడు. రఫీక్ పైసా ముట్టకుండా ఉన్నమాట చెప్పినాడు. అట్లా మనిషి మీద నింద వేస్తిని.” నెల తిరగకముందే పదిహేనిళ్లూ మళ్లీ తలుపులు తీశాయి.

స్కూలు పని ఆమెకు పోయింది. పని లేని కంప్యూటరు మూలన పడింది. ఏడాది చివర్లో కంప్యూటరు అమ్మేసింది. కొన్నవాళ్లకు ఇచ్చేముందు దాన్ని తుడిచిపెట్టమని రఫీక్‌నే పిలిచింది. తుడిచే ముందు ఎందుకో ఒకసారి వెతికి చూశాడు. ముప్పై ఎనిమిదీ అక్కడే ఉన్నాయి. తుడిచేశాడు. ఆమె కాఫీ తెచ్చిచ్చి, ఈసారైనా ఏమన్నా తీసుకోమని బతిమాలింది. అతను తీసుకోలేదు.