పేరు తెలియని రెండు బిళ్ళలు

నా చిన్నప్పుడు మేము యూసుఫ్‌గూడలో ఉండేవాళ్ళం. మాదాపూర్ వైపు అద్దాల భవనాలు లేస్తున్న రోజులవి. మా బాబాయికి అక్కడే కంప్యూటర్ ఉద్యోగం దొరికింది. మెడలో వేలాడే ఆఫీసు కార్డును అన్నానికి కూర్చున్నా తీసేవాడు కాదు. జీతంతో పాటు సకల జ్ఞానమూ వచ్చి పడినట్టు, కరెంటు మీటరు నుంచి కడుపునొప్పి దాకా తనే తీర్పు చెప్పేవాడు.

పన్నెండేళ్ళప్పుడు ఒక ఆదివారం నాకు గొంతునొప్పి, జ్వరం వచ్చాయి. అమ్మ డాక్టరు దగ్గరికి పోదామంది. బాబాయి నవ్వాడు.

"గీ దానికి డాక్టరెందుకు వదినా? నాకు గిట్లనే అయితే ఒక్క బిళ్ళతోని తగ్గింది."

జూబ్లీహిల్స్ రోడ్డులో మందుల షాపుకు వెళ్ళి వచ్చాడు. షాపతను డాక్టరు చీటీ అడగలేదు. అట్టలోంచి రెండు బిళ్ళలు కత్తిరించి, కాగితంలో చుట్టి ఇచ్చాడు. బిల్లు అడగడం మా బాబాయికి నామోషీ.

ఒకటి మింగిన కాసేపటికే నా ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. పెదవులు ఉబ్బాయి, ఊపిరి అందలేదు. అమ్మ కేకకు పక్కింటి నర్సమ్మగారు పరుగున వచ్చారు. ఆవిడది కోస్తా, ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. ఆటోలో నన్ను పట్టుకుని కూర్చుని, దారంతా నా వీపు నిమురుతూనే ఉన్నారు.

ఆసుపత్రిలో సూది పడ్డాకే ఊపిరి తిరిగింది. ఏ మందు వేశారని డాక్టరు అడిగితే బాబాయి మిగిలిన బిళ్ళ జేబులోంచి తీసి ఇచ్చాడు. దాని అట్ట ముక్క వెనక పేరు సగమే ఉంది. తేదీ అసలే లేదు.

మర్నాడు నర్సమ్మగారు నన్నూ బాబాయినీ వెంటబెట్టుకుని ఆ షాపుకు వెళ్ళారు. నిన్న కత్తిరించిన అట్ట తీయించి, బాబాయి చేతిలో పెట్టి, పైకి చదవమన్నారు. మందు పేరు, గడువు తేదీ, డాక్టరు చీటీ మీదే అమ్మాలన్న మాట, అన్నీ తడబడకుండా ఇంగ్లీషులో చదివాడు. అది పెన్సిలిన్ జాతి మందు.

"అందరికీ గదే ఇస్తమమ్మా," అని షాపతను గొణిగాడు.

ఆవిడ అతన్నీ బాబాయినీ మార్చి మార్చి చూశారు. "చదువు ఇద్దరికీ వచ్చు. రానిది సిగ్గే."

తిరిగొస్తూ నాతో మాత్రం మెత్తగా మాట్లాడారు. మామూలు జ్వరం బిళ్ళలు చీటీ లేకుండా దొరుకుతాయి, వాటినీ ఎంత వేయాలో చదివే వేసుకోవాలన్నారు. నొప్పి ఒకలాంటిదే అయినా ఒకరి మందు ఇంకొకరిది కాదన్నారు. నాకు పడని మందు పేరు బట్టీ పట్టించారు.

ఇప్పుడు నా తల నెరుస్తోంది. ఏ డాక్టరు దగ్గరైనా ఆ పేరే ముందు చెబుతాను. ఎంత పెద్ద షాపైనా అట్ట తిప్పి చదివి, బిల్లు చేతికొచ్చేదాకా కదలను. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ. ఊపిరి అందకపోవడం ఎలా ఉంటుందో వాళ్ళకు తెలియదు, నాకు తెలుసు.