దేవుడికి మొక్కిన జుట్టు

ఒక మహాయుద్ధం గురించి చెప్పబోతున్నాను. రక్తం కూడా కారింది. కాకపోతే యుద్ధభూమి నా నెత్తి, ఆయుధాలు నా గోళ్లు. మరీ ఆశ పెట్టుకోకండి.

నిన్న పక్కింట్లో పుల్ల మజ్జిగ పోసి మెంతులు నూరుతున్న వాసనకు గుర్తొచ్చింది. అప్పుడు పాన్‌గల్‌లో ఉండేవాళ్లం. నాకు అయిదో ఏడు. నా పుట్టువెంట్రుకలు దేవుడికి మొక్కినవి, జాతర దాకా కత్తి తగలకూడదు. ఆ జుట్టు కింద పొట్టు రాలి, పుండ్లు పడి, ఒకటే దురద. తన జుట్టు తనకిమ్మని దేవుడే లోపలినుంచి గీకుతున్నాడని నా నమ్మకం.

"పోరడు పరేషాన్ అయితుండు. మంగలిని పిలుస్త," అన్నాడు నాయన.

"మొక్కు తప్పితె పోరనికేమన్న అయితే?" అని అమ్మ ఏడుపు.

వాళ్లు అరుచుకుంటుంటే నేను నాయన తల్లి, మా అవ్వ దగ్గరికి పోయాను. "అవ్వా, జర ఆగుమని దేవునికి చెప్పవా?"

అవ్వ నవ్వలేదు. నేనైతే నవ్వేవాణ్ణి. నా తల ఒళ్లో పెట్టుకుని, పాయలు తీసి, చల్లటి మెంతిముద్ద అద్దింది.

"చెప్పిన కొడుకా. జాతర దాంక ఆగుతడంట. గని నువ్వు గీక్కోవద్దన్నడు."

దేవుడి మాట కదా, గోళ్లు ఆపాను. పుండ్లు మానాయి. మొక్కు నిలిచింది, అమ్మ ఏడుపు ఆగింది. నా తరఫున దేవుడితో అంత మర్యాదగా మాట్లాడినవాళ్లు మళ్లీ దొరకలేదు.

ఆ ముద్దను తడి ఆరకముందే కడిగేయాలి. ఎండితే వదలదు.