కొండ మీంచి అమ్మ పుట్టిల్లు

మాది కొండల ప్రాంతమంటే హిమాలయాలు చూసొచ్చినవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. నందిగామలో పుట్టి పెరిగిన నాకు కొండంటే వేదాద్రి కొండే. కింద కృష్ణ, ఒడ్డున నరసింహస్వామి గుడి, అక్కణ్ణుంచి పైకి కొంతదూరం మెట్లు, ఆ తరవాత రాళ్ల దారి, పైన స్వామివారి ఇంకో సన్నిధి. కాళ్లలో సత్తువున్నవాళ్లు చకచకా ఎక్కేస్తారు. మాకు మాత్రం గంటన్నర పట్టేది. ఇప్పటికీ ఎక్కడికైనా వెళ్లి రావాలని మనసు లాగితే అక్కడికే లాగుతుంది. అదీ ఇప్పటి వేదాద్రికి కాదు, డెబ్భైల్లో ఏదో ఒక కార్తీకమాసపు ఆదివారానికి.

నాన్న బడిపంతులు. ఇంట్లో నోరు తెరిస్తే పాఠం, లేకపోతే మౌనం. ఏడాదికొక్కసారి, ఆ ఆదివారం మాత్రం ఆయన వేరే మనిషి అయిపోయేవాడు. అమ్మ తెల్లవారకముందే లేచి పులిహోర కలిపి, గారెలు వేసి, దద్దోజనం గిన్నెకి గుడ్డ కట్టేది. నాన్న, అమ్మ, అన్నయ్య, నేను మొదటి బస్సెక్కి చిల్లకల్లులో దిగి, అక్కణ్ణుంచి ఎడ్లబండి కట్టించుకుని వెళ్లేవాళ్లం. ఏట్లో స్నానాలు, గుడిలో దర్శనం, కొండెక్కి దిగడం, ఆ తరవాత ఉసిరిచెట్టు కింద భోజనం. ఈ వరసలో ఏ ఒక్కటీ అటూ ఇటూ కావడానికి వీల్లేదు. నాకేమో బస్సు దిగినప్పటి నుంచే ఆకలి.

కొండెక్కడానికి నాన్న దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. అందరికంటే చిన్నవాళ్లు ముందు నడవాలి, వాళ్లని ఎవరూ దాటకూడదు. వాళ్లు ఆగితే అందరూ ఆగాలి. కాబట్టి ఆ కొండ మీద పెద్దరికం నాది. ఇంట్లో ఆఖరి పీటా, ఆఖరి గారే నావి. అక్కడ మాత్రం నేను సీతాఫలం చెట్టు దగ్గర ఆగితే నాన్న ఆగేవాడు, అన్నయ్య పళ్లు నూరుతూ ఆగేవాడు. ఆ హోదాని నేను ఎంత అనుభవించానో చెప్పలేను.

అమ్మ మాతో ఎక్కేది కాదు. వేదాద్రిలో కోతులు ఎక్కువ. రెప్ప వేస్తే క్యారియర్ మూత తీసేస్తాయి. ఎవరో ఒకరు కర్ర పట్టుకుని అన్నం దగ్గర కూర్చోవాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ అమ్మే. దాని గురించి మా ఇంట్లో ఎవరూ ఆలోచించిన గుర్తు లేదు.

కానీ పైకి వెళ్లి చూడాల్సిన అవసరం మా అందరికంటే అమ్మకే ఎక్కువ. ఆమె పుట్టిల్లు కృష్ణకి అవతల, పల్నాడు వైపు. మావయ్య పెళ్లిలో నాన్న మొదటి బంతిలో విస్తరి ముందు కూర్చున్నాక, పెళ్లికూతురి తరపువాళ్లెవరో వచ్చారని ఆయన్ని లేపి రెండో బంతికి రమ్మన్నారట. ఇంటి అల్లుణ్ణి. నాన్న చెప్పులేసుకుని వచ్చేశాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు. మావయ్యా ఆయనకి తీసిపోని మొండివాడు, పిలవలేదు. ఆయన తొక్కని గడప నేనెందుకు తొక్కాలని అమ్మ కూడా మానేసింది. మధ్యలో ఉన్నది ఒక ఏరు. పడవెక్కితే పూట ప్రయాణం. ఏళ్లు గడిచిపోయాయి.

కొండ మీదకి వెళ్లగానే నాన్న నన్ను ఒక బండ మీద నిలబెట్టి చెయ్యి చాపేవాడు. "అదుగో, ఆ తెల్లగా కనపడేది మీ అమ్మ వాళ్లూరి శివాలయం," అనేవాడు. దిగొచ్చాక అమ్మ అడగకుండానే ఆవిడకి చెప్పేవాడు.

"మీ ఊరు కనపడింది. గుడి కూడా కనపడింది."

"అవునా," అని అమ్మ విస్తళ్లు వేసేది. ఆ ఒక్క మాట అనేటప్పుడు అమ్మ ముఖం నాకిప్పటికీ గుర్తు. ఆ గడప తొక్కనన్న మనిషే ఏటా ఎండలో ఎక్కి చూసొచ్చి చెప్పడం ఏమిటో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమవుతుంది గానీ, కోపం పూర్తిగా పోలేదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు కీసర అత్తయ్య మాతో వచ్చింది. నాన్నకి అక్క. మోకాళ్ల నొప్పులావిడ. ఉసిరిచెట్టు కింద చాప పరుచుకుని కూర్చుంటూనే అమ్మ చేతిలో కర్ర లాక్కుంది.

"అమ్మాయ్, నేను ఎటూ ఎక్కలేను. ఇక్కడ నేను కూచుంటా, నువ్వు వాళ్లతో వెళ్లిరా."

"వద్దులే వదినా, మీకెందుకు శ్రమ," అంది అమ్మ. అంటూనే చీర కుచ్చెళ్లు పైకి దోపుకుంది. అంత తొందరగా లేవడం అమ్మకి చేతనవునని నాకు తెలీదు.

ఎక్కుతున్నాం. ముందు నేను, నా వెనక అన్నయ్య, తరవాత అమ్మ, చివర నాన్న. మెట్లయిపోయి రాళ్ల దారి వచ్చింది. ఒకచోట నడుమెత్తు బండ ఒకటుంది. నేను పాకి ఎక్కి వెనక్కి చూశాను. నాన్న ముందుకొచ్చి, తాను ఎక్కి, అమ్మకి చెయ్యందించాడు. అమ్మ అటూ ఇటూ చూసి ఆ చెయ్యి పట్టుకుంది. ఇంట్లో వాళ్లిద్దరూ ఒకరి చేతిలోంచి ఒకరు మంచినీళ్ల గ్లాసు అందుకోవడం కూడా నేను చూడలేదు, గూట్లో పెడితే తీసుకోవడమే. బండెక్కాక కూడా ఆ చెయ్యి వదల్లేదు.

"పైకెళ్లాక చూపిస్తా. ఎడంపక్క ఏరు వంపు తిరుగుతుంది, దాని పక్కనే మీ ఊరు," అని చెబుతున్నాడు నాన్న. నాకు చెప్పే మాటలు అవి. నా కోసమే దాచి ఉంచిన గొంతు అది. అమ్మ నవ్వుతోంది. ఆ నవ్వు చూసి నాకెందుకు సంతోషం కలగలేదో ఏమని చెప్పను. ఇంకో పది అడుగులు వేసి కూలబడ్డాను.

"కాలు నొప్పి," అన్నాను.

కట్టుబాటు ప్రకారం అందరూ ఆగారు. నాన్న పాదం తిప్పి చూశాడు. ఎత్తుకుంటా రమ్మన్నాడు. వద్దన్నాను. అన్నయ్య, "దొంగేడుపు," అన్నాడు. వాడి మాట ఎవరూ విన్లేదు. ఇంక ఏడుపు ఆపితే దొరికిపోతానని గట్టిగా ఏడ్చాను. అమ్మ చీర పట్టుకుని, కిందకి వెళ్లిపోదాం, నువ్వే తీసుకెళ్లు అన్నాను.

అమ్మ పైకి చూసింది. "ఇంకా ఎంత దూరముందండీ?"

"పావుగంట. నేను దింపుతాలే దీన్ని, నువ్వు వాడితో వెళ్లు," అన్నాడు నాన్న.

"వద్దులెండి. మీరు పిల్లాణ్ణి తీసుకెళ్లిరండి. మళ్లీ ఏడాది చూద్దాం," అని అమ్మ నన్ను చంకనెత్తుకుంది. తొమ్మిదేళ్లదాన్ని. రాళ్ల మీద ఒక్కో అడుగూ కూడదీసుకుంటూ, ఒక్క మాటా అనకుండా, కిందదాకా మోసింది. అత్తయ్య నా కాలికి ఆముదం రాసింది. నాన్న దిగొచ్చి, ఊరు కనపడిందన్నాడు. "అవునా," అని అమ్మ విస్తళ్లు వేసింది.

మళ్లీ ఏడాది అత్తయ్య రాలేదు. ఆ పై ఏడాదీ రాలేదు. అమ్మ కర్ర పట్టుకుని కూర్చుంది. అన్నయ్య హాస్టలుకి వెళ్లాక ఆ ఆదివారాలే ఆగిపోయాయి. నేను డిగ్రీలో ఉండగా నాన్న పోయారు. దినాలకి మావయ్య పడవలో ఏరు దాటి వచ్చి, గుమ్మంలో నిలబడి ఏడ్చాడు. అంత ఏడుపు ఉన్నవాడు పదిహేనేళ్లు ఏం చేశాడో నాకు తెలీదు. ఆ తరవాత అమ్మ రెండుసార్లు పుట్టింటికి వెళ్లింది. రెండుసార్లూ వారం తిరక్కుండానే వచ్చేసింది.

నాకు జగ్గయ్యపేట హైస్కూల్లో ఉద్యోగమొచ్చిన ఏడాది, కార్తీకంలో, అమ్మని వేదాద్రి తీసుకెళ్లాను. దర్శనమయ్యాక కొండెక్కుదామన్నాను. నాకు ఇంకో పని కూడా ఉంది. ఆనాడు నా కాలికి ఏమీ కాలేదని, పైన ఆ ఊరు చూపించి మరీ అమ్మకి చెప్పాలి. ఏళ్ల తరబడి గొంతులో పెట్టుకుని తిరుగుతున్న మాట అది.

అమ్మ ఆగి ఆగి ఎక్కింది. ఆ నడుమెత్తు బండ దగ్గర నేను చెయ్యిస్తే, అక్కర్లేదని తానే పాకి ఎక్కింది. పైన గాలి బాగా వీస్తోంది. అమ్మ కొంగు నిండుగా కప్పుకుని ఏటివైపు తిరిగి నిలబడింది. నేను చెయ్యి చాపాను.

"అదుగో అమ్మా, తెల్లగా. మీ ఊరి శివాలయం."

అమ్మ అటు చూసింది. "అది మా ఊరు కాదే," అంది. "మా ఊరు ఆ గుట్ట వెనక. ఇక్కణ్ణుంచి కనపడదు. పెళ్లి కాకముందు తిరునాళ్లకి పడవ మీద వచ్చి ఈ కొండ రెండుసార్లు ఎక్కా."

చాపిన చెయ్యి దించాను. "మరి నాన్నకి చెప్పలేదేం?" అన్నాను.

"ఏం చెప్పను. అంత ఎండలో ఎక్కి, నా కోసం చూసొచ్చి చెబుతుంటే, అది కాదండీ అని ఎట్లా అంటాను. ఆయనకి అదే మా ఊరు."

"కనపడదని తెలిసీ అత్తయ్య వచ్చిన ఏడు నువ్వెందుకు బయల్దేరావు?"

అమ్మ ఎదుటి ఒడ్డు వైపే చూస్తూ ఉంది.

"ఊరి కోసం కాదే. ఏటా మీకు చూపిస్తారు గదా ఆయన. ఒక్కసారి నా పక్కన నిలబడి, నాకు చూపిస్తుంటే చూద్దామనుకున్నా."

ఆ తరవాత అమ్మ స్వామికి దణ్ణం పెట్టుకుంది, నేనూ పెట్టుకున్నాను. కాలు నొప్పి అబద్ధమని చెప్పడానికి ఎక్కినదాన్ని, ఆ మాట చెప్పకుండానే కొండ దిగాను.