పాత పవర్ సప్లై

మొన్న ఆఫీసుల ఒక కంప్యూటర్ వేడెక్కి కాలిన వాసనొస్తే, జడ్చర్లల మా బాపు నడిపిన టైపు ఇన్‌స్టిట్యూట్ యాదికొచ్చింది.

అప్పుడు నాకు ఎనిమిదేండ్లు. టైపు నేర్చుకునేటోళ్లు తగ్గిపోతుంటే, బాపు సెకండ్‌హ్యాండ్ సామాన్లు జమచేసి ఒక కంప్యూటర్ తయారుచేయించిండు. దానికి కరెంటిచ్చే పవర్ సప్లై డబ్బా మాత్రం ఇంకేదో పాత కంప్యూటర్‌ది.

"వైర్లు కలుస్తయి సార్, గని గింత లోడు గిది మొయ్యలేదు," అన్నడు మెకానిక్ ఖాజా భాయ్.

"ఇప్పటికైతే నడవనీ భాయ్," అన్నడు బాపు.

నడిచింది గని, గంటకోసారి దానంతటదే ఆగిపోయేది. పొద్దంతా పాఠాలు చెప్పి గోడకు ఒరిగే బాపు లెక్కనే అదీ అలసిపోతాందనుకున్న. ఒక మధ్యాహ్నం బాపు కునుకు తీస్తుంటే, అది కూడా జర పండుకోవాలని దానిమీద దుప్పటి కప్పిన. కాసేపటికి పొగ వచ్చింది.

బాపు లేచి స్విచ్చి ఆపిండు. నేను ఏడుస్తుంటే, దుప్పటి తీసి మెల్లగ మడతపెట్టుకుంట, "నీ తప్పేం లేదు బిడ్డా. మొయ్యలేని బరువు దానిమీద నేనే పెట్టిన," అన్నడు.

నన్ను ఊరడించేటందుకే గట్లన్నడని చాన్నాళ్లు అనుకున్న. ఇప్పుడు కంప్యూటర్ల పని నాకూ తెలుసు. దుప్పటి కప్పకున్నా ఆ డబ్బా ఎక్కువ దినాలు పనిచేసేది కాదు. ఆ సంగతి బాపుకు మొదటినుంచీ తెలుసు. తెలిసి కూడా రోజూ పొద్దున దాన్ని ఆన్ చేసి, నేర్చుకునే పిల్లల కోసం తలుపులు తీసిపెట్టి కూసునేటోడు.